కిడ్నీ, థైరాయిడ్, బీపీ మూడూ ఉన్న పిల్లికి ఇంట్లో సెలైన్ ఎక్కించడం ఎలా?

పదేళ్లు దాటిన పిల్లికి కిడ్నీ జబ్బు వచ్చిందంటే చాలాసార్లు అది తోడు లేకుండా రాదు. వెంట బీపీ ఉంటుంది, కొన్నిటికి థైరాయిడ్ ఎక్కువై గుండె కండరం మందమై ఉంటుంది. కిడ్నీలకు నీళ్లు కావాలి, ఆ గుండేమో ఎక్కువ నీళ్లు మోయలేదు. అందుకే చర్మం కింద ఎక్కించే ఈ సెలైన్‌ని కొలతున్న మందులాగే చూడాలి. ఎన్ని ఎం.ఎల్., ఎన్ని రోజులకోసారి అన్నది పశువైద్యులు రక్త పరీక్ష చూసి, గుండె విని చెప్పాలి. నాలుగైదు కిలోల పిల్లికి మామూలుగా 100 ఎం.ఎల్. దగ్గర రాస్తారు. గుండె బాగాలేకపోతే తగ్గిస్తారు, ఒక్కోసారి అసలు వద్దంటారు. ‘ఇవాళ మరీ నీరసంగా ఉంది, ఇంకో యాభై ఎక్కిద్దాం’ అని సొంతంగా ఎప్పుడూ పెంచకండి. పిల్లికి ఆయాసం తెచ్చిపెట్టేది ఆ యాభయ్యే.

కావాల్సినవి తక్కువే. 500 ఎం.ఎల్. రింగర్ లాక్టేట్ బాటిల్, ఐవీ సెట్, 18 నంబరు సూదులు (సూది మొదలు దగ్గరి ప్లాస్టిక్ గులాబీ రంగులో ఉంటుంది), వంటింటి డిజిటల్ త్రాసు, తువ్వాలు, గోడకు ఒక మేకు. షాపులో ‘గ్లూకోజ్ బాటిల్’ అని మాత్రం అడగొద్దు. మనకు ఏ సెలైన్‌నైనా ఆ పేరుతోనే పిలిచే అలవాటు. షాపతను నిజంగానే గ్లూకోజ్ చేతిలో పెడతాడు. డి5, డీఎన్ఎస్ అని రాసి ఉన్నవి గ్లూకోజ్ కలిసినవి, వాటిని చర్మం కింద ఎక్కించకూడదు, చీము పట్టి చర్మం ఊడే ప్రమాదం ఉంది. లేబుల్ మీద రింగర్ లాక్టేట్ అన్న మాట కళ్లతో చదివాకే డబ్బులివ్వండి.

కొందరు 50 ఎం.ఎల్. సిరంజితో రెండుసార్లు తోస్తారు. అది వద్దు. చేత్తో తోస్తే ఒత్తిడి ఎక్కువై పిల్లికి నొప్పెడుతుంది, సిరంజి మార్చేటప్పుడు సూది కదులుతుంది. సన్న సూది అయితే నొప్పి తక్కువని 22, 23 నంబర్లు కొనేవాళ్లూ ఉన్నారు. గుచ్చిన క్షణాన్ని పిల్లి ఓర్చుకుంటుంది, ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చోవడాన్ని ఓర్చుకోదు. కొత్త 18 నంబరు సూదితో, బాటిల్ పిల్లికి మూడు నాలుగు అడుగుల ఎత్తున ఉంటే పని కొద్ది నిమిషాల్లో అయిపోతుంది.

సెట్ కొనేటప్పుడు గాలి లోపలికి వెళ్లే దారి, దానికి వడపోత ఉన్నది అడగండి. అది లేకపోతే బాటిల్ లోపలికి నొక్కుకుపోయి దాని మీది ఎం.ఎల్. గీతలు తప్పు చూపిస్తాయి. బాటిల్ పైన సూది గుచ్చి గాలి వదిలే పద్ధతి ఇక్కడ పనికిరాదు. ఆస్పత్రిలో ఆ బాటిల్ కొన్ని గంటల్లో అయిపోతుంది, మీ ఇంట్లో ఐదు రోజులుంటుంది.

ఎక్కించే ముందు

పిల్లి నిద్రలో ఉన్నప్పుడు శ్వాస లెక్కపెట్టండి. ఛాతీ ఒకసారి లేచి పడితే ఒకటి. 30 సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చేయండి. గుర్రుమంటున్నప్పుడు లెక్క కుదరదు, ఆగి మళ్లీ చూడండి. నిమిషానికి 30 దాటితే ఆ రోజు సెలైన్ లేదు, డాక్టరుకు ఫోన్ చేయాలి. నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా ఫోన్‌తో సరిపెట్టకండి, వెంటనే తీసుకెళ్లండి.

తర్వాత మెడ కింద, ముందు కాళ్ల దగ్గర తడిమి చూడండి. నిన్న ఎక్కించిన నీటి సంచి ఇంకా మెత్తగా వేలాడుతుంటే ఒళ్లు దాన్ని పీల్చుకోలేదన్నమాట. దాని మీద ఇంకో 100 పోయడం తప్పు. మామూలుగా అది కొన్ని గంటల్లోనే కరిగిపోవాలి.

బాటిల్‌ని వేడినీళ్ల గిన్నెలో పది నిమిషాలు నిలబెట్టండి. మైక్రోవేవ్ వద్దు, లోపల ఒకచోట మరిగి ఒకచోట చల్లగా ఉంటుంది. గొట్టంలో గాలి పోయేదాకా నీళ్లు వదిలి, సూది తాకకుండా రెండు చుక్కలు మణికట్టు మీద వేసుకుని చూడండి. గోరువెచ్చగా ఉండాలి.

సూది గుచ్చడం

ఎక్కువమంది పాడుచేసేది ఇక్కడే. పిల్లిని తువ్వాలు మీద, ముఖం మీకు అవతలి వైపు ఉండేలా కూర్చోబెట్టండి. రెండు భుజాల మధ్య వదులు చర్మాన్ని ఎడమ చేతి వేళ్లతో పైకెత్తితే చిన్న గుడారంలా లేస్తుంది. సూది ఆ గుడారం వాకిట్లోంచి లోపలికి, అంటే వెన్నుకు సమాంతరంగా వెళ్లాలి. పైనుంచి కిందికి పొడిస్తే కండరంలో దిగుతుంది, పిల్లి అరుస్తుంది. సూది మొన ఏటవాలుగా కోసి ఉన్న వైపు పైకి ఉండాలి.

భయంతో మెల్లగా నొక్కకండి. మెల్లగా నొక్కితే చర్మం సాగుతూ పోతుంది, అదే పిల్లికి ఎక్కువ బాధ. ఒకే కదలికలో లోపలికి పంపి, పట్టుకున్న చర్మాన్ని సూది మీదికి లాగండి. చేతికి చిన్న ‘టప్’ తెలుస్తుంది.

అవతల బొచ్చు తడుస్తుంటే సూది రెండో వైపు బయటికి వచ్చేసింది. తీసి, కొత్త సూదితో ఇంకోచోట గుచ్చండి. చుక్కలు పడకపోతే సూది మొన చర్మానికి ఆనుకుని ఉంటుంది, కొంచెం వెనక్కి లాగి కాస్త తిప్పితే చాలు. గొట్టంలోని చిన్న గాలి బుడగ చర్మం కిందకి వెళ్లినా ప్రమాదం లేదు. తీసేటప్పుడు ఒక చుక్క రక్తం వస్తే కంగారు పడొద్దు. ధారగా వస్తే నొక్కి పట్టుకోండి.

నీళ్లు అనుకున్న గీతకు రాగానే రోలర్ (గొట్టం మీద ధారను ఆపే చిన్న చక్రం) మూసి, సూది తీసి, రంధ్రాన్ని నిమిషం పాటు చిటికెతో పట్టుకోండి. బాటిల్‌ని సెట్‌తో సహా ఎక్కించే ముందు ఒకసారి, ఎక్కించాక ఒకసారి తూయండి. 100 ఎం.ఎల్. దాదాపు 100 గ్రాములు. గీతకూ త్రాసుకూ తేడా వస్తే త్రాసునే నమ్మండి. నీటి సంచి కాసేపటికి ఒక కాలివైపు జారి వేలాడటం మామూలే.

సూది ప్రతిసారీ కొత్తదే. బాటిల్ మీద తెరిచిన తేదీ రాయండి. మసకబారినా, లోపల ఏదైనా తేలుతున్నా పారేయాలి.

మందుల సంగతి

థైరాయిడ్‌కి ఇచ్చే కార్బిమజోల్ పనిచేయడం మొదలుపెట్టాక రక్త పరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే అంకె) పెరగొచ్చు. థైరాయిడ్ ఎక్కువున్నప్పుడు కిడ్నీకి రక్తం జోరుగా అంది జబ్బు దాగి ఉంటుంది, జోరు తగ్గగానే బయటపడుతుంది. అది చూసి మాత్ర మానేయకండి, మోతాదు మార్చాల్సింది డాక్టరే. ఈ మాత్రను నూరొద్దు, గర్భిణులు ముట్టుకోవద్దు. ఏ మాత్ర వేసినా వెనకే సూది లేని సిరంజితో 5 ఎం.ఎల్. నీళ్లు పట్టండి, పొడిగా వేస్తే గొంతులో ఇరుక్కుని పుండు చేస్తుంది. నొప్పికీ జ్వరానికీ మన పారాసెటమాల్ ఇస్తే పిల్లి చచ్చిపోతుంది, ముక్క కూడా వద్దు.

ఎండు చేపలు మానాలి, ఉప్పు ఎక్కువ. ఉల్లిపాయ, వెల్లుల్లి పడిన కూర పులుసు అన్నంలో కలిపి పెట్టకండి, రక్తకణాలు దెబ్బతింటాయి. ఒక రోజంతా ఏమీ తినకపోతే రేపటిదాకా చూడొద్దు. తిండి మానిన పిల్లికి కాలేయంలో కొవ్వు పేరుకుని నాలుగో జబ్బు మొదలవుతుంది.

బీపీ మాత్ర అమ్లోడిపిన్ ఒక్క పూట కూడా తప్పకూడదు. వెలుతురులోనూ కనుపాపలు పెద్దవిగానే ఉన్నా, నడుస్తూ తలుపుకు గుద్దుకుంటున్నా కంటి వెనక పొర ఊడి ఉండొచ్చు. ఆ రోజే తీసుకెళ్తే కొన్నిటికి చూపు మిగులుతుంది.