చిన్నపిల్లలతో హైదరాబాద్ వండర్‌లా అమ్యూజ్‌మెంట్ పార్కుకు: బయల్దేరే ముందు

ముందు పిల్లల ఎత్తు కొలవండి. గోడకు నిలబెట్టి, టేపుతో, చెప్పుల్లేకుండా. టికెట్ ధరైనా, రైడ్ ఎక్కనివ్వడమైనా ఎత్తును బట్టే. ఎక్కలేనివేవో వెబ్‌సైట్లో చూసి ఇంట్లోనే చెప్పేయండి. క్యూ అంతా నిలబడ్డాక గీత దగ్గర ఆపేస్తే ఆ ఏడుపు ఆపడం మన తరం కాదు.

నీళ్లలోకి కాటన్ బట్టలతో దిగనివ్వరు, నైలాన్ సూట్లు ముందే కొనుక్కోండి. అమ్మమ్మకీ చెప్పండి, చీర కుదరదు! తడిబట్టలకు ఓ కవరు, ఒంటికి రెండో జత.

బయటి తిండి తేనివ్వరు. పసివాళ్ల ఆహారం సంగతి ముందే ఫోన్ చేసి కనుక్కోండి. పొద్దున్నే ఇడ్లీ పెట్టి తీసుకెళ్లండి. తిన్న వెంటనే గిరగిరా తిరిగేవి మాత్రం వద్దు.

పార్కు రావిర్యాలలో, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన. కూకట్‌పల్లి వైపు నుంచైతే పెందలాడే బయల్దేరండి. ఆదివారాలు వద్దు, వేసవి సెలవుల్లో మరీను.

జేబులో చీటీ తడిసిపోతుంది కాబట్టి మీ ఫోన్ నంబరు చెరగని మార్కర్‌తో పిల్లల ముంజేతి మీద రాయండి. గేటు దగ్గరే వాళ్ల ఫొటో ఒకటి తీయండి. తప్పిపోతే, కంగారులో చొక్కా రంగు కూడా గుర్తుకురాదు.