పాము కాటు అనుమానం వస్తే ఇంట్లో ఏం చేయాలి, ఏం చేయకూడదు

మా పాప ఓ రాత్రి రెండు దాటాక లేచి కడుపు నొప్పి అంది. అజీర్తి అనుకుని వీపు నిమిరి పడుకోబెట్టాను. నాలుగింటికి లేపితే రెప్పలు సగం దాకా లేచి ఆగిపోయాయి, మాట ముద్దముద్దగా వచ్చింది. కాలి చిటికెన వేలి దగ్గర చీమ కుట్టినంత మచ్చ. వాపు లేదు. అది కట్లపాము కాటని ఆసుపత్రిలో చెప్పారు. నేల మీద పడుకున్న మనిషికి రాత్రిపూట ఉన్నట్టుండి కడుపు నొప్పి, రెప్పలు వాలడం, గుటక పడకపోవడం మొదలైతే గాటు కనిపించకపోయినా పాము కాటు కిందే లెక్కేయండి.

అప్పుడు నేనేం చేశానంటే, కంగారులో పిక్క మీద చున్నీ బిగించేశాను. వేళ్లు నల్లబడ్డాయి. అలా కడితే కాలే పోవచ్చు. ఇప్పటికే ఎవరైనా కట్టేసి ఉంటే మాత్రం ఇంట్లో గబుక్కున లాగేయొద్దు, డాక్టర్ ముందే విప్పాలి. కోయడం, నోటితో పీల్చడం, పసర్లు పూయడం ఏదీ వద్దు. పామును వెతుకుతూ కూర్చోవద్దు, చచ్చిన పాము తల కూడా కాటేయగలదు.

టైమ్ చూసి కాగితం మీద రాయండి. ఉంగరాలు, పట్టీలు తీసేయండి, వాపొస్తే ఇరుక్కుంటాయి. నడవనివ్వకండి. కాలికి కర్ర పెట్టి, కదలకుండా వదులుగా గుడ్డ చుట్టండి. వాంతి అవుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. బైక్ తప్ప దిక్కు లేకపోతే నడిపే మనిషికీ, వెనక పట్టుకునే మనిషికీ మధ్య కూర్చోబెట్టండి.

మేము వెళ్లిన మొదటి ఆసుపత్రిలో మందే లేదు. నలభై నిమిషాలు పోయాయి. యాంటీవీనమ్ (పాము విషానికి విరుగుడు మందు) ఎక్కడ ఉంది, ఊపిరి ఆగితే వెంటిలేటర్ ఉందా అన్నది ఈ రోజే, అందరూ బాగున్నప్పుడే ఫోన్ చేసి అడగండి. నంబర్ తలుపు వెనక అతికించండి. కట్లపాము విషానికి మందు ఎక్కించాక కూడా కొన్నాళ్లు ఊపిరి ఆడించాల్సి రావచ్చు. మా పాప రెండు రోజులు వెంటిలేటర్ మీదే ఉంది.

"పిల్లకి పెద్దవాళ్లంత డోసా?" అని నేను గొడవపడ్డాను. అవును, అంతే. ఒంట్లోకి ఎక్కిన విషానికి మందు గానీ బరువుకి కాదు. ఈ మందు పడక దద్దుర్లు, చలి వణుకు రావచ్చు, అందుకే అలర్జీ ముదిరితే ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్ పక్కనే ఉంచుకుని ఎక్కిస్తారు.

పింజరి జాతి కాటు వేరు. వాపు పాకుతుంది, చిగుళ్ల నుంచి రక్తం రావచ్చు. గాజు గొట్టంలో రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి గడ్డకట్టిందా అని చూస్తారు. నొప్పికి ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ ఇవ్వకండి, రక్తస్రావం పెరుగుతుంది. మనిషి మామూలుగానే కనిపించినా 24 గంటలు ఆసుపత్రిలోనే ఉంచండి.

ఇప్పుడు అందరం మంచాల మీదే పడుకుంటున్నాం. దోమతెర అంచులు పరుపు కింద దోపేది పాపే. ఓ మూల వదిలేశానని నన్ను నిద్రలేపి మరీ చూపిస్తుంది.