ఇంగ్లాండ్‌లో సొంత కోట్ ఆఫ్ ఆర్మ్స్‌కి అప్లై చేయడం, డిజైన్ దగ్గర జాగ్రత్త

కోట్ ఆఫ్ ఆర్మ్స్ అంటే షీల్డ్ మీద గుర్తులతో ఉండే అధికారిక చిహ్నం. యూకేలో మనవాళ్ళు కొందరు "మీ ఇంటిపేరు కోట్ ఆఫ్ ఆర్మ్స్" అని ఫ్రేమ్ కట్టి అమ్మే సైట్లలో డబ్బులు పోస్తున్నారు కాబట్టి ఇది రాస్తున్నా. అక్కడ ఇంటిపేరుకి షీల్డ్ అంటూ ఏదీ ఉండదు, మనిషికి ఇస్తారు, ఆయన తర్వాత వారసులకి పోతుంది. ఇచ్చేది లండన్‌లో 1484లో పెట్టిన కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్. స్కాట్లాండ్ వాళ్ళకి ఎడిన్‌బరోలో లార్డ్ లయన్ కోర్టు, కెనడా వాళ్ళకి ఒట్టావాలో వేరే ఆఫీసు ఉన్నాయి.

ప్రాసెస్ సింపులే. కాలేజ్‌లో హెరాల్డ్‌లు అని ఆఫీసర్లు ఉంటారు, ఒకరికి మెయిల్ పెట్టి సీవీ పంపాలి, అర్హత ఉందనుకుంటే ఎర్ల్ మార్షల్‌కి (కాలేజ్ పైన ఉండే రాజ్యాధికారి) మెమోరియల్ అనే అర్జీని వాళ్ళే రాసిపెడతారు, మీరు సంతకం చేసి ఫీజు కట్టాలి. ఫీజు వేల పౌండ్లలోనే ఉంటుంది, కాలేజ్ సైట్లో చూసుకోండి. మధ్యలో ఏజెంట్ అవసరమే లేదు.

ఎర్ల్ మార్షల్ ఓకే అన్నాక డిజైన్ మొదలవుతుంది, తలనొప్పి ఇక్కడే. చాలామంది బయట ఎవరిచేతో గీయించిన రెడీమేడ్ బొమ్మ పట్టుకెళ్తారు, చార్మినార్, కలశం, పులి, పిల్లల పేర్లు, లాప్‌టాప్, అన్నీ ఒకే షీల్డ్‌లో. అది నడవదు. గ్రాంట్‌లో, అంటే కాలేజ్ ఇచ్చే అధికారిక పత్రంలో, అసలు లెక్క బ్లేజన్ది, అంటే షీల్డ్‌ని మాటల్లో చెప్పే వాక్యం, బొమ్మని ఏ ఆర్టిస్ట్ ఎలా గీసినా ఆ వాక్యానికి సరిపోతే చాలు. అందుకే ఒకటి రెండు గుర్తులతో ఆపండి, పైగా పాత రికార్డుల్లో ఉన్న ఏ షీల్డ్‌తోనూ కలవకూడదు. రంగుల రూల్ ఒకటుంది, బంగారం మీద వెండి పెట్టరు, ఎరుపు మీద నీలం పెట్టరు, దూరం నుంచి కనపడాలి కదా. షీల్డ్‌ని అటూ ఇటూ పట్టుకుని నిలబడే జంతువులు మామూలు మనుషులకి ఇవ్వరు, అడిగి నిరాశపడొద్దు.

ఎరుపు అంటే ధైర్యం, నీలం అంటే నిజాయితీ అని చార్ట్ అమ్మేవాళ్ళని నమ్మకండి, అలాంటి ఫిక్స్‌డ్ అర్థాలేమీ లేవు, అర్థం మీరు పెట్టుకున్నదే. ఇంటిపేరుతో ఆడుకోవడం మాత్రం అక్కడ పాత పద్ధతే, క్వీన్ మదర్ (రెండో ఎలిజబెత్ రాణి తల్లి) పుట్టింటి బోస్ లయన్ వాళ్ళ షీల్డ్‌లో విల్లులు, సింహాలు ఉంటాయి. తాటికొండ వాళ్ళయితే కొండ మీద తాటిచెట్టు అడగొచ్చు, నాకైతే చార్మినార్ కన్నా అదే బాగుంటుంది.

మోటో, అంటే షీల్డ్‌తో పాటు రాసే చిన్న నినాదం, తెలుగులో పెట్టుకోవచ్చు, ఇంగ్లాండ్‌లో అది గ్రాంట్‌లో భాగం కాదు కాబట్టి తర్వాత మార్చుకున్నా ఎవరూ అడగరు. స్కాట్లాండ్‌లో అయితే గ్రాంట్‌లోనే రాసేస్తారు, అక్కడ అక్షరదోషాలు రెండుసార్లు చూసుకుని పంపండి.