దీపావళికి ముందు, కరిచే చిలుక ఇంట్లో ఉంటే

పోయినేడు దీపావళికి పది రోజుల ముందు మా ఇంటికొక కాకటీల్ వచ్చింది, తల మీద జుట్టుండే చిన్న చిలుక. ఊరు మారుతున్న తెలిసినవాళ్లు పంజరంతో సహా అప్పగించి వెళ్లారు. మూడో రోజే పంజరంలో చెయ్యి పెట్టాను. "వద్దురా, అది బెదిరి ఉండాది" అని అమ్మ అంటూనే ఉంది. బొటనవేలు గోరు పక్కన పట్టుకుని వదల్లేదు. నేను అరిచి విదిలించాను. ఆ తర్వాత కార్తీక మాసమంతా నా చెయ్యి కనబడితే చాలు, మూలకు పోయేది.

అందుకే తిరుపతిలో కొత్తగా చిలుకను తెచ్చుకున్నవాళ్లకు నేను చెప్పేది ఒకటే: పండగ వెళ్లేదాకా చేత్తో మచ్చిక చేసే పని పెట్టుకోకండి. (మీది రామచిలుక అయితే అసలు ఉంచుకోకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు, అటవీ శాఖకు అప్పగించాలి.)

కరిచేముందు అది చెప్తుంది. కాకటీల్ తల మీది జుట్టు చూడండి. తీరిగ్గా ఉంటే కాస్త వెనక్కి వాలి ఉంటుంది, ఉలిక్కిపడితే నిక్కబొడుచుకుంటుంది. జుట్టు తలకు అంటుకుపోయి, నోరు తెరిచి బుస్సుమందంటే మీరు ఆగాలి. బుసకే ఆగితే కరిచే పని దానికి ఉండదు. వేలెక్కేముందు ముక్కుతో తాకి చూడటం మాత్రం కాటు కాదు, కొమ్మ గట్టిదా అని చూసుకోవడం. అప్పుడు వేలు లాక్కుంటే ఈసారి నిజంగానే పట్టుకుంటుంది.

చేతికి బదులు కొర్ర కంకి వాడండి. జానెడు కంకి చివర పట్టుకుని ఊచల బయటినుంచే చూపించండి. తినకపోతే ఊచల్లో గుచ్చేసి వెళ్లిపోండి. రెండు పూటలా ఐదేసి నిమిషాలు చాలు.

పంజరాన్ని వీధి కిటికీ దగ్గర్నుంచి లోపలి గదికి నాలుగు రోజుల ముందే మార్చండి. పండగ రాత్రి మూడు వైపులా నూలు దుప్పటి కప్పి, ఒకవైపు గాలికి వదలండి. జీరో బల్బు వెలగాలి. చీకట్లో టపాసు మోతకు బెదిరితే ఊచలకు కొట్టుకుని ఈకలు విరగ్గొట్టుకుంటుంది. కొత్తగా మొలిచే ఈక విరిగితే రక్తం కారుతుంది. పట్టుకోక తప్పకపోతే పలచటి టవల్‌తో పట్టుకోండి, ఛాతీ నొక్కితే ఊపిరాడదు. సాంబ్రాణి పొగ ఆ గదికి వద్దు. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే ఆవిరి పక్షుల ప్రాణం తీస్తుంది, ఆ రోజు వడలకు ఇనుప బాణలే నయం.

కరిస్తే సబ్బుతో, ధారగా పడే నీళ్లతో కడగండి. వాచినా ఎర్రబడినా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. తర్వాత జ్వరం, పొడిదగ్గు వస్తే ఇంట్లో చిలుక ఉందని డాక్టరుకు చెప్పండి.

వెటర్నరీ యూనివర్సిటీ ఉన్న ఊరే మనది. అయినా పండగ సెలవుల్లో పక్షుల్ని ఎవరు చూస్తారో ముందే కనుక్కోండి. మర్నాడు కాస్త తక్కువ తింటే టెన్షన్ పడక్కర్లేదు. ఈకలు ఉబ్బించుకుని పంజరం అడుగున కూర్చుని, గింజ ముట్టకపోతే మాత్రం సాయంత్రం దాకా ఆగకుండా డాక్టరుకు చూపించండి.