జి6పిడి ర్యాపిడ్ పరీక్ష ఫలితం అనుమానంగా ఉంటే: సమస్య - పరిష్కారం

వైవాక్స్ మలేరియాలో జ్వరం తగ్గినా కాలేయంలో దాగిన పరాన్నజీవి కొన్ని వారాలకో నెలలకో మళ్లీ లేస్తుంది. దాన్ని తొలగించే ప్రైమాక్విన్, టాఫెనోక్విన్ మందులు జి6పిడి అనే ఎంజైమ్ తక్కువగా ఉన్నవారిలో ఎర్ర రక్తకణాలను పగలగొట్టగలవు కాబట్టి, వేలి చివర తీసిన రక్తంతో ముందుగా ఆ ఎంజైమ్‌ను పరీక్షిస్తారు. లోపం లేనివారికి పొరపాటున 'లోపం' అని వస్తే చికిత్స ఆలస్యమవుతుంది, అంతే. లోపం ఉన్నవారికి 'సాధారణం' అని వస్తే ప్రాణం మీదికి రావచ్చు.

సమస్య: పది నిమిషాలైనా స్ట్రిప్‌పై ఊదారంగు రాలేదు, లేదా లేతగా వచ్చింది

మలేరియా కిట్‌లో కంట్రోల్ గీతతోపాటు మరో గీత కనబడితే జబ్బు ఉన్నట్టు. ఈ రంగు స్ట్రిప్‌లో లెక్క తిరగబడుతుంది: రంగును పుట్టించేది ఎంజైమే కనుక, రంగు రాకపోవడమే లోపానికి గుర్తు. రోజూ మలేరియా కిట్లు చూసే కన్ను ఇక్కడే పొరబడుతుంది.

నిజమైన లోపం కాకుండా రక్తం చాలకపోవడం, కవరు ముందే తెరవడంతో స్ట్రిప్‌కు తేమ తగలడం, గడువు దాటడం, చలి కూడా కారణాలు కావచ్చు. లంబసింగి వంటి చోట జనవరి ఉదయం చల్లని గదిలో పరీక్ష చేస్తే ఎంజైమ్ మందగించి రంగు వెలిసినట్టు కనిపిస్తుంది. కిట్‌పై రాసిన ఉష్ణోగ్రతకు గదిని, స్ట్రిప్‌ను, బఫర్‌ను (కిట్‌తో వచ్చే ద్రవాన్ని) తెచ్చి, కొత్త స్ట్రిప్‌తో మళ్లీ చేయాలి. వేలిని గట్టిగా పిండకూడదు. పిండితే రక్తంతోపాటు కణజాల ద్రవం దిగి చుక్క పలచబడుతుంది. రెండోసారీ లేతగానే ఉంటే లోపం ఉన్నట్టే భావించాలి.

సమస్య: మహిళకు 'సాధారణం' అని వచ్చింది, మందు మొదలుపెట్టిన మూడో రోజున మూత్రం డికాషన్ రంగుకు మారింది

జి6పిడి జన్యువు ఎక్స్ క్రోమోజోమ్‌పై ఉంటుంది. పురుషుడికి ఎక్స్ ఒక్కటే కాబట్టి అతనిలో లోపం సాధారణంగా స్పష్టంగా తేలుతుంది. ఒక ఎక్స్‌లో మాత్రమే లోపమున్న స్త్రీలో మంచి కణాలు, లోపమున్న కణాలు కలిసి తిరుగుతాయి. ఎంజైమ్ చురుకుదనం సాధారణ స్థాయిలో సుమారు 30 శాతానికి దిగువన ఉన్నవారినే రంగు స్ట్రిప్ పట్టుకుంటుంది. 30కీ 70కీ మధ్య ఉన్న స్త్రీ దాని కళ్లుగప్పుతుంది. నా దృష్టిలో ఇది స్ట్రిప్ తప్పు కాదు, దాని పరిమితి తెలియకుండా మందు రాయడం తప్పు.

మూత్రం నల్లబడినా, కళ్లు పచ్చబడినా, ఆయాసం వచ్చినా ప్రైమాక్విన్ వెంటనే ఆపి, హిమోగ్లోబిన్ చూసి ఆసుపత్రికి పంపాలి. టాఫెనోక్విన్ ఒక్క మోతాదుతోనే పూర్తయి చాలాకాలం ఒంట్లో ఉంటుంది, మధ్యలో ఆపే వీలుండదు. అందువల్ల 70 శాతానికి పైన ఉన్నట్టు అంకె చూపే పరికరంతో తేలనిదే దాన్ని ఇవ్వకూడదు.

సమస్య: రోగికి లోపముందని ముందే తెలుసు, పరీక్ష మాత్రం 'సాధారణం' అంటోంది

ఇటీవల రక్తకణాలు పగిలాయా, రక్తం ఎక్కించారా అని అడగాలి. పాత కణాలు పోయిన చోట పుట్టుకొచ్చే లేత కణాల్లో ఎంజైమ్ ఎక్కువ. ఎక్కించిన రక్తంలో ఉన్నది దాత ఎంజైమ్. రెండింటిలోనూ ఫలితం ఆ వారం రక్తానిదే గాని మనిషిది కాదు. సుమారు మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్షించాలి. రోగి పురుషుడైతే అన్నదమ్ములకు, మేనమామకు మాత్రలు వేసుకున్నాక కామెర్లు వచ్చాయేమో అడగడం మేలు, లోపం తల్లి వైపు నుంచే వస్తుంది.

సమస్య: అంకె చూపే పరికరం నమ్మశక్యం కాని విలువ ఇస్తోంది

ముందుగా చూడవలసినది కోడ్ చిప్: దాని సంఖ్య స్ట్రిప్‌ల డబ్బాపై ఉన్న సంఖ్యతో కలవాలి. తర్వాత రక్తం బఫర్‌లో పూర్తిగా కలిసిందా చూసి, విలువ ముందే తెలిసిన కంట్రోల్ ద్రావణంతో సరిచూడాలి. ఎస్‌డి బయోసెన్సర్ సంస్థ పరికరంలో గ్రాము హిమోగ్లోబిన్‌కు 4.0 యూనిట్లు లేదా అంతకన్నా తక్కువైతే లోపం, మహిళల్లో 4.1 నుంచి 6.0 వరకు మధ్యస్థం.

సమస్య: లోపం ఖాయమైంది, మరి చికిత్స?

రక్తంలోని పరాన్నజీవికి క్లోరోక్విన్ వంటి మందును ఆ రోజే మొదలుపెట్టాలి, జి6పిడి ఫలితం కోసం ఆగనక్కరలేదు. కాలేయ దశకు కిలోకు 0.75 మిల్లీగ్రాముల ప్రైమాక్విన్‌ను వారానికి ఒకసారి చొప్పున 8 వారాలు ఇవ్వవచ్చు. అదీ వైద్యుడి పర్యవేక్షణలో, గర్భిణి కాదని తేల్చుకున్నాకే.