పిండ మార్పిడి – నాలుగవ పాఠం: దాత ఆవుకు మొదటి ఇంజెక్షన్ ఏ రోజున?

పిండ మార్పిడి అంటే మేలైన ఆవులో (దాత) హార్మోను ఇంజెక్షన్లతో ఒకేసారి ఎక్కువ పిండాలు వచ్చేలా చేసి, వాటిని గర్భకోశం కడిగి బయటికి తీసి, వేరే ఆవుల (గ్రహీతల) గర్భంలో పెట్టడం. గత మూడు పాఠాలలో ఇది ఏ మందలకు అవసరమో, దాత ఆవును ఏ గుణాలు చూసి ఎంచుకోవాలో, బ్రూసెల్లా, క్షయ, ఐబీఆర్ (పశువుల ముక్కు, శ్వాసనాళాలకు వచ్చే వైరస్ జబ్బు) వంటి వ్యాధులకు పరీక్షలు చేయించకుండా ఎందుకు ముందుకు వెళ్లకూడదో తెలుసుకున్నాము. ఈ పాఠం ఒకే ఒక ప్రశ్నకు సంబంధించినది. ఎంచుకున్న ఆవుకు హార్మోను ఇంజెక్షన్లు ఏ రోజున మొదలుపెట్టాలి, అక్కడి నుంచి గర్భకోశాన్ని కడిగే రోజు వరకు గంటల లెక్క ఎలా నడవాలి అన్నదే ఆ ప్రశ్న. కడిగే రోజున కాథెటర్ పట్టుకున్న వైద్యుని చేతి నేర్పును చూడటానికి అందరూ చేరతారు కాని, సూక్ష్మదర్శిని కింద కనబడే పిండాల సంఖ్య చాలా వరకు అంతకు పదకొండు రోజుల ముందే, మొదటి ఇంజెక్షన్ వేసిన ఉదయమే నిర్ణయమైపోయి ఉంటుంది.

ఈ పాఠాలను గన్నవరం పశువైద్య కళాశాల విద్యార్థుల వంటివారిని, గుంటూరు, తెనాలి పరిసరాలలో ఒంగోలు మందలను పెంచే రైతులను ఇద్దరినీ దృష్టిలో ఉంచుకొని రాస్తున్నాను. ఇంజెక్షన్లు, పరీక్షలు, గర్భకోశాన్ని కడగడం పశువైద్యుడు మాత్రమే చేయవలసిన పనులు. అయితే ఎదను కనిపెట్టి, తేదీని, వేళను రాసి ఉంచే పని రైతుది, పాలేరుది. ఆ రాత తప్పయితే వైద్యుని లెక్క అంతా తప్పుతుంది కనుక ఈ పాఠంలో రైతు భాగమే పెద్దది.

అండాశయంలో జరిగేది ముందు అర్థం చేసుకోవాలి. ఆవు సుమారు 21 రోజులకు ఒకసారి ఎదకు వస్తుంది. ఎద కనబడిన రోజును సున్నా రోజుగా లెక్కిస్తాము. ఈ 21 రోజులలోను అండాశయం ఖాళీగా ఉండదు. చిన్న చిన్న అండపుటికల, అంటే అండం పెరిగే సంచుల, గుంపు ఒకటి బయలుదేరుతుంది, వాటిలో ఒకటి పెద్దదై మిగిలిన వాటిని అణచివేస్తుంది, కొన్నాళ్లకు అదీ కరిగిపోతుంది, ఆపై మరో గుంపు బయలుదేరుతుంది. ఇలాంటి అలలు ఒక ఎద చక్రంలో సాధారణంగా రెండో మూడో వస్తాయి. ఒంగోలు వంటి మూపురపు జాతులలో మూడు అలలు తరచుగా కనబడతాయి. మొదటి అల అండం విడుదలయ్యే సమయానికి మొదలైతే, రెండవది ఎనిమిది నుంచి పదవ రోజు మధ్యలో మొదలవుతుంది. మనం ఎక్కించే ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోను కొత్త అండపుటికలను పుట్టించదు. అప్పటికే బయలుదేరిన గుంపులో, పెద్దపుటిక చేతిలో అణగిపోవలసిన వాటిని బతికించి పెంచుతుంది, అంతే. అందువల్ల గుంపు బయలుదేరుతున్న వేళకే ఇంజెక్షన్ అందాలి. రెండు మూడు రోజులు ఆలస్యమైతే పెద్దపుటిక తన పట్టు సాధించి ఉంటుంది, అప్పుడు ఎంత మోతాదు వేసినా ఒకటి రెండు పిండాల కంటే ఎక్కువ రావు. ఖరీదైన మందు వేసినా ఆవు స్పందించలేదని వినబడే ఫిర్యాదులలో చాలా వాటికి మూలం మందులో కాక తేదీలో ఉంటుందని నా అభిప్రాయం.

కాబట్టి మొదటి పని, ఆధారంగా పెట్టుకోదగిన ఒక ఎదను నిర్ధారణగా పట్టుకోవడం. ఒంగోలు ఆవు దగ్గర ఇదే కష్టం. సంకర జాతి జెర్సీ ఆవు అరుస్తుంది, పక్క పశువుల మీదికి ఎక్కుతుంది, పాలు తగ్గిస్తుంది, దాని ఎద పద్దెనిమిది గంటల వరకు సాగుతుంది కనుక ఎవరో ఒకరి కంట పడుతుంది. ఒంగోలు ఆవు ఎద పది పన్నెండు గంటలకు మించకపోవచ్చు. అది కూడా తరచుగా రాత్రి మొదలై, తెల్లవారి గొడ్ల చావిడిలో పేడ తీసే వేళకు సగం గడిచిపోయి ఉంటుంది. బయటికి ఏ లక్షణమూ చూపని మూగ ఎద కూడా ఈ జాతిలో ఎక్కువే. అందుచేత దాతగా ఎంచుకున్న ఆవును తెల్లవారుజామున, సాయంత్రం, రాత్రి పడుకోబోయే ముందు మూడుసార్లు, ప్రతిసారి కనీసం ఇరవై నిమిషాలు కట్టు విప్పి వదిలి గమనించాలి. గుంజకు కట్టేసిన ఆవులో ఎదను గుర్తించగలమనుకోవడం వట్టి భ్రమ.

ఏది చూడాలి? తోక దగ్గర తీగలు, అంటే తీగలా సాగే జిగట స్రావం, కనబడటం, మానం ఉబ్బడం, మూత్రం కొద్దికొద్దిగా పోయడం వంటివి అనుమానాన్ని కలిగించే లక్షణాలు. మరొక పశువు తన మీదికి ఎక్కినప్పుడు కదలకుండా నిలబడటం ఒక్కటే నిర్ధారణ లక్షణం. అది మొదలైన వేళనే పుస్తకంలో రాయాలి. వేసెక్టమీ చేసిన ఆబోతు మందలో ఉంటే ఈ పని సగం తేలికవుతుంది. ఆబోతు ఎవరి వెనక నడుస్తున్నదో చూస్తే చాలు. ఎద దాటిపోయిన తరువాత ఒకటి నుంచి మూడు రోజులలో కొన్ని ఆవులలో, పెయ్యలలో మరింత తరచుగా, తోకకు కొద్దిగా రక్తపు చారికలు అంటుతాయి. చాలామంది దీనిని చూసి జబ్బు అనుకుంటారు. నిజానికి అది రెండు రోజుల కిందట ఎద వచ్చి వెళ్లిందని చెప్పే గుర్తు. చూడకుండా పోయిన ఎదను వెనక్కి లెక్కించుకోవడానికి అది పనికివస్తుంది.

ఒక్క ఎదతో తృప్తి పడకూడదు. ఆవు ఈని కనీసం 60 రోజులు గడిచి, వరుసగా రెండు ఎదలు 18 నుంచి 24 రోజుల ఎడంలో వచ్చిన తరువాతనే దానిని దాతగా వాడాలి. ఒంగోలు ఆవు దూడ లేనిదే పాలు చేపదు, దూడ రోజంతా తల్లి వెంటే ఉండి కుడుస్తుంటే ఎద ఆలస్యమవుతుంది. దూడను పాలవేళకే వదిలే ఏర్పాటు ముందుగా చేసుకోవలసి ఉంటుంది. మేత విషయం క్లుప్తంగా చెబుతాను. కృష్ణా డెల్టాలో వరిగడ్డి మీదే నడిచే ఆవులో మాంసకృత్తులు, భాస్వరం తక్కువ పడతాయి. పిల్లిపెసర, జనుము వంటి పచ్చిమేత, కొంత దాణా, రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం కనీసం రెండు నెలల ముందు నుంచి ఇవ్వాలి. శరీర స్థితి ఐదుకు మూడు, మూడున్నర మధ్య ఉండాలి. కొవ్వు పట్టిన ఆవు చూడటానికి బాగుంటుంది గాని, దాతగా చెడ్డది. విజయవాడ, గుంటూరు ఎండలు నలభై డిగ్రీలు దాటే వైశాఖ జ్యేష్ఠాలలో ఈ పని పెట్టుకోకపోవడమే మంచిది. మూపురపు జాతి ఎండకు ఓర్చుకుంటుందన్నది నిజమే కాని, తొలి రోజుల పిండం వేడికి అంతగా ఓర్చుకోదు.

ఇప్పుడు క్యాలెండర్ వేద్దాము. ఆధార ఎద ఒక బుధవారం ఉదయం కనబడిందనుకోండి. అది సున్నా రోజు. రెండవ అల బయలుదేరే వేళ కనుక మొదటి ఇంజెక్షన్‌ను పదవ రోజున వేస్తాము, అది శనివారం అవుతుంది. ఆ ఉదయం ఇంజెక్షన్‌కు ముందు వైద్యుడు ఆవును ట్రెవిస్‌లో (పశువును కదలకుండా నిలిపే చట్రంలో) నిలిపి, వీలైతే అల్ట్రాసౌండ్‌తో, లేకుంటే చేతితో అండాశయాలను పరీక్షించాలి. ఒక అండాశయం మీద బాగా ఎదిగిన పసుపు గ్రంథి, అంటే అండం విడుదలైన చోట ఏర్పడే కార్పస్ లూటియం, తప్పక ఉండాలి. గర్భకోశంలో చీము, వాపు ఉండకూడదు. ఆవు చూడి కాదని నిర్ధారించుకోవాలి, ఎందుకంటే తరువాత వేయబోయే ప్రోస్టాగ్లాండిన్ అనే హార్మోను మందు చూడి ఆవుకు గర్భస్రావం కలిగిస్తుంది. పసుపు గ్రంథి అందకపోతే ఆ రోజు మందు సీసా తెరవకుండా వెనుదిరగాలి. ఈ ఒక్క క్రమశిక్షణ వైద్యునికి ఎంత ఇబ్బందికరమైనా, రైతు ఎంత నిరాశపడినా తప్పదు.

ఎఫ్‌ఎస్‌హెచ్ రక్తంలో కొన్ని గంటలే నిలుస్తుంది కనుక నాలుగు రోజులు, పన్నెండేసి గంటలకు ఒకటి చొప్పున, మొత్తం ఎనిమిది ఇంజెక్షన్లు కండకు వేస్తారు. ఉదయం ఆరు, సాయంత్రం ఆరు అని పెట్టుకుంటే ఆ వేళ తప్పకూడదు. మోతాదు క్రమంగా తగ్గాలి. హోల్‌స్టీన్ వంటి విదేశీ జాతులకు మొత్తం 400 మిల్లీగ్రాములు వాడే చోట వరుస 80, 80, 60, 60, 40, 40, 20, 20గా నడుస్తుంది. మూపురపు జాతులకు అంత అవసరం లేదు. ఒంగోలు ఆవుకు మొత్తం 200 మిల్లీగ్రాములతో, అంటే 40, 40, 30, 30, 20, 20, 10, 10 వరుసతో మొదలుపెట్టి, ఆ ఆవు స్పందనను బట్టి రెండవసారి సవరించుకోవడం వివేకం. ఎక్కువ వేస్తే ఎక్కువ పిండాలు వస్తాయన్న ఆశ ఇక్కడ పనిచేయదు. మోతాదు మితిమీరితే అండాశయాలు ఉబ్బి, అండాలు విడుదల కాని పుటికలే మిగులుతాయి. కలిపిన మందును ఫ్రిజ్‌లో నాలుగు డిగ్రీల దగ్గర ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు. పల్లెలో కరెంటు పోయే అలవాటు ఉంటే ఐసు డబ్బాను సిద్ధంగా పెట్టుకోవాలి.

శని, ఆది, సోమ, మంగళవారాలు ఇంజెక్షన్ల రోజులు. సోమవారం ఉదయం ఐదవ ఎఫ్‌ఎస్‌హెచ్‌తో పాటు ప్రోస్టాగ్లాండిన్ ఒకటి, సాయంత్రం ఆరవదానితో పాటు మరొకటి వేయాలి. ఇది పసుపు గ్రంథిని కరిగించి ఆవును ఎదకు తెస్తుంది. ఈ మందు చర్మం గుండా కూడా లోపలికి పోతుంది. గర్భిణులు, ఉబ్బసం ఉన్నవారు దానిని ముట్టుకోకూడదు, మిగిలినవారు చేతికి తొడుగు వేసుకోవాలి. ఇంటి ఆడవాళ్లు ఆవును పట్టుకొని నిలబడటం మన ఊళ్లలో మామూలే కనుక ఈ హెచ్చరికను నోటితో చెప్పి ఊరుకోక, సీసా మీద చీటీ అంటించడం మేలు.

ప్రోస్టాగ్లాండిన్ తరువాత 36 నుంచి 48 గంటలలో, అంటే మంగళవారం సాయంత్రం నుంచి బుధవారం ఉదయం లోపల దాత ఎదకు వస్తుంది. ఈ రాత్రి కాపలా తప్పనిసరి. నిలబడటం మొదలైన వేళ నుంచి పన్నెండు గంటలకు ఒకసారి, ఇరవై నాలుగు గంటలకు మరొకసారి కృత్రిమ గర్భధారణ చేయాలి. బుధవారం ఉదయం ఆరింటికి ఎద మొదలైతే ఆ సాయంత్రం ఆరింటికి, గురువారం ఉదయం ఆరింటికి అన్నమాట. రెండుసార్లు ఎందుకంటే అండాలన్నీ ఒకేసారి విడుదల కావు, మల్లెతీగకు మొగ్గలు విచ్చినట్లు కొన్ని గంటల పొడవునా ఒకటొకటిగా వస్తాయి. వీర్యం స్ట్రాను 37 డిగ్రీల నీటిలో 30 సెకన్లు ఉంచి కరిగించి, చలనం బాగున్న వీర్యాన్నే వాడాలి. పెయ్యదూడలే కావాలని లింగ నిర్ధారిత వీర్యాన్ని దాతకు వాడితే ఫలదీకరణ పడిపోతుంది. మొదటిసారి చేసేవారు ఆ ఆలోచన పెట్టుకోవద్దు. గర్భధారణ చేసేటప్పుడు, ఆ తరువాత కూడా ఉబ్బి ఉన్న అండాశయాలను చేతితో పదేపదే తడమకూడదు. ఎన్ని పుటికలు ఉన్నాయో లెక్కపెట్టాలన్న కుతూహలం అప్పుడు నష్టమే చేస్తుంది.

గ్రహీత ఆవుల సంగతి ఇక్కడే తేల్చుకోవాలి. పిండం వయసుకూ గ్రహీత ఎదకూ మధ్య తేడా ఒక రోజుకు మించకూడదు. మామూలు ఆవు ప్రోస్టాగ్లాండిన్ తరువాత 60 నుంచి 72 గంటలకు ఎదకు వస్తుంది. హార్మోను పొందిన దాత దానికంటే ముందే వస్తుంది. కనుక గ్రహీతలకు ప్రోస్టాగ్లాండిన్‌ను దాత కంటే 12 నుంచి 24 గంటలు ముందుగా, మన క్యాలెండర్‌లో ఆదివారమే వేయాలి. తాజా పిండాలను పెట్టదలిస్తే ఒక్క దాతకు ఐదారు గ్రహీతలను సిద్ధం చేసుకోవడం అవసరం, ఎందుకంటే వాటిలో ఒకటి రెండు ఎదకు రాకపోవచ్చు, వచ్చిన వాటిలోను పసుపు గ్రంథి బాగా లేని దానిని వదిలేయవలసి వస్తుంది. గ్రహీత జాతి ఏదైనా ఫరవాలేదు. పుట్టే దూడకు రూపురేఖలు దాత నుంచి, ఆబోతు నుంచి వస్తాయి, గ్రహీత నుంచి కాదు. గ్రహీతకు కావలసింది ఆరోగ్యం, ఈతకు చాలిన కటివలయం, తగినన్ని పాలు.

ఎద వచ్చిన బుధవారానికి ఏడవ రోజు, అంటే తరువాతి బుధవారం, గర్భకోశాన్ని కడిగే రోజు. అప్పటికి పిండాలు అండవాహికను దాటి గర్భకోశపు కొమ్ములలోకి చేరి, మోరులా (కణాల ముద్ద), బ్లాస్టోసిస్ట్ (లోపల ద్రవం చేరిన కణాల బంతి) దశలలో ఉంటాయి. ఆరవ రోజుకు ముందు కడిగితే కొన్ని పిండాలు ఇంకా వాహికలోనే ఉండి దొరకవు. ఎనిమిది దాటితే పిండం తన పొరను చీల్చుకొని బయటికి రావడం మొదలుపెడుతుంది, అలాంటి పిండాన్ని శుభ్రపరచడం, గడ్డకట్టించడం కష్టం.

ఫలితం గురించి రైతుకు ముందే చెప్పవలసిన మాట ఒకటుంది. ఒకే మోతాదు, ఒకే క్యాలెండర్ ఉన్నా ఒక ఆవు పన్నెండు ఇస్తే మరొకటి ఏమీ ఇవ్వకపోవచ్చు. ఈ తేడా ఆవు స్వభావంలోనే ఉంది. ఒకసారి ఏమీ రానంత మాత్రాన దాతను తీసివేయక, ఆరు నుంచి ఎనిమిది వారాల విరామం ఇచ్చి మోతాదును, మొదలుపెట్టిన రోజును సరిచూసుకొని మళ్లీ ప్రయత్నించాలి. గుంటూరు శివారు లాంలో ఒంగోలు జాతి మీద పనిచేసే పశు పరిశోధనా కేంద్రం ఉంది. పెద్ద మంద ఉన్నవారు సొంతంగా మొదలుపెట్టే ముందు అలాంటి చోట పనిని ఒకసారి కళ్లారా చూడటం మంచిది.

అభ్యాసం: ఒక రైతు తన ఆవు 3వ తేదీన తీగలు వేసిందని, నిలబడటం మాత్రం తాను చూడలేదని చెప్పాడు. 7వ తేదీ ఉదయం పాలేరు దాని తోకకు తాజా రక్తపు చారిక చూశాడు. సున్నా రోజుగా ఏ తేదీని తీసుకుంటారు? మొదటి ఎఫ్‌ఎస్‌హెచ్, ప్రోస్టాగ్లాండిన్, గ్రహీతల ప్రోస్టాగ్లాండిన్, రెండు గర్భధారణలు, కడిగే రోజు ఏ తేదీలలో పడతాయి? ఇంతకూ ఈ ఎదను ఆధారంగా వాడతారా, లేక తరువాతి ఎద కోసం ఆగుతారా? లెక్కను, కారణాన్ని కాగితం మీద రాసి ఉంచుకోండి. జవాబుతో ఐదవ పాఠం మొదలవుతుంది, ఆ తరువాత ఎపిడ్యూరల్ మత్తు, ఫోలీ కాథెటర్, వడపోత గిన్నె పనిలోకి వెళదాము.