గాలివానలకు ముందే లింకు స్క్రిప్టులు సరిచూసుకోండి

మే గాలివానలకు అనంతపురం పల్లెల్లో కరెంటుతోపాటు నెట్ లింకూ పోతూ వస్తూ ఉంటుంది. లింకు మారగానే లైనక్స్‌లో నడిచే నెట్‌వర్క్‌మేనేజర్ (నెట్ కనెక్షన్లు చూసుకునే ప్రోగ్రాము) డిస్పాచర్ స్క్రిప్టులను ఇప్పుడే చూసుకోండి.

• దూరంలోని మిషన్‌ను ఎస్‌ఎస్‌హెచ్‌ (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) ద్వారా పరీక్షించేముందు, 10 నిమిషాల్లో పాత స్థితికి తెచ్చే పనిని, చెప్పిన సమయానికి నడిపే ‘ఎట్’ కమాండుతో పెట్టండి. లేకుంటే లింకు తెగినప్పుడు రాయదుర్గం దాకా బస్సెక్కాలి.

• స్క్రిప్టులోంచి అదే కనెక్షన్‌ను దించి ఎక్కించకండి. ఆ మార్పు మళ్లీ స్క్రిప్టునే పిలుస్తుంది.

• ఫైలు రూట్‌ (అడ్మిన్ ఖాతా) సొంతమై, 755 (యజమానికే రాసే వీలు) అనుమతులతో ఉండాలి. గ్రూపుకో ఇతరులకో రాసే అనుమతి ఉంటే అది నడవదు.

• ‘డౌన్’ (లింకు పోయిందన్న సంకేతం) రాగానే హెచ్చరిక పంపకండి. 30 సెకన్లాగి మళ్లీ చూడండి. లేదంటే ఒక్క వానకే సందేశాలు కుప్పపడతాయి, ఎవరూ చదవరు. ఆ విరామం స్క్రిప్టులోనే పెడితే వరుసలోని మిగతావి ఆగుతాయి కాబట్టి, పనిని విడిగా నడిపే సిస్టమ్‌డీ-రన్‌కు అప్పగించండి. హెచ్చరిక వేరే దారిలో, సిమ్ మోడెం ద్వారా వెళ్లాలి.

• స్క్రిప్టుకు అందే మొదటి ఆర్గ్యుమెంటు (విలువ)లోని ఇంటర్‌ఫేస్ పేరు చూడండి. వీపీఎన్ మార్పులకూ స్క్రిప్టు లేస్తుంది.

• ‘అప్’ అంటే ఇంటర్నెట్ ఉన్నట్టు కాదు. రౌటర్ వెలిగినా బయట ఫైబర్ తెగి ఉండవచ్చు. ‘కనెక్టివిటీ-ఛేంజ్’ (ఇంటర్నెట్ అందుబాటు మారిందన్న సంకేతం) చర్యనూ పట్టించుకోండి. అది ఏ ఒక్క ఇంటర్‌ఫేస్‌దీ కాదు, పేరు తనిఖీకి ముందే చూడాలి.